పిచ్చుక పేరు అడిగిన కుర్రవాడు – డాక్టర్ సలీం అలీ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం పక్షుల శాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీగారి గురించి రాయదలిచాను. అందుకు కారణం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి. ముందు అది చెప్పి, తర్వాత ఆయన కథలోకి వస్తాను.

ఆగస్టు సెలవులకు మా మనవడు పొన్నూరు వచ్చాడు. వాడి పుట్టినరోజుకి ఎయిర్ గన్ కొనిపెట్టింది నేనే. పెరట్లో ఖాళీ డబ్బాలు, కొబ్బరి చిప్పలు వరసగా పెట్టి కొట్టుకుంటాడులే అనుకున్నాను. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోనాడు సాయంత్రం పొలం గట్టు వైపు వెళ్ళి, అరచేతిలో ఒక చిన్న పిట్టను పెట్టుకుని తిరిగి వచ్చాడు. తల మీద, రొమ్ము మీద పసుపు రంగు. అది పిచ్చుకలాగే ఉంది గాని రంగు వేరేగా ఉందేమని, దాని పేరేమిటని నన్ను అడిగాడు. అది గిజిగాడు. గట్టు మీద తాటిచెట్టుకు వేలాడుతున్న గూళ్ళలో ఒకటి అల్లుతున్న మగపిట్ట.

కోపం నోటిదాకా వచ్చింది. కాని తుపాకి కొన్నవాణ్ణి నేను. పైగా వాడు అడిగిన ప్రశ్న సరిగ్గా నూరేళ్ళు దాటిన వెనక బొంబాయిలో మరో కుర్రవాడు అడిగిన ప్రశ్నే. ఆ రాత్రి భోజనాలయ్యాక వాడికి ఆ కుర్రవాడి కథ చెప్పాను. దాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

చిన్న తుపాకి సంగతి

మనలో కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. చేసినవారికి పాయింట్ టూటూ రైఫిలు గుర్తుండే ఉంటుంది. 1962 చైనా యుద్ధం తర్వాత, 1963 నుంచి 1968 వరకు కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరిగా ఉండేది. నేల మీద బోర్లా పడుకుని, మడమ భుజానికి ఆనించి, ఇరవై అయిదు గజాల దూరంలోని అట్ట మీదకు గురిచూసి కాల్చిన ఆ అయిదు తూటాలను మరచిపోయినవారు తక్కువ.

పాయింట్ టూటూ అంటే గొట్టం వెడల్పు అంగుళంలో నూటికి 22 వంతులు, అంటే సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు. ఈ తూటా అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది. నిప్పు పుట్టించే మందు ఆ అంచు లోపలే ఉంటుంది. రైఫిలు సూది అంచును కొట్టగానే తూటా పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. పారిస్‌లో ఫ్లోబెర్ అనే తుపాకుల పనివాడు 1845లో ఇలాంటి తూటాను తయారుచేశాడు. ఇళ్ళలో, గదుల్లో గురి నేర్చుకోవడానికి అది పనికివచ్చేది. 1887లో అమెరికాలో లాంగ్ రైఫిల్ అనే తూటా వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కువగా కాల్చే తూటాల్లో అది ఒకటి. ధర తక్కువ, చప్పుడు తక్కువ, భుజానికి తన్ను దాదాపు ఉండదు. పాశ్చాత్య దేశాల్లో రైతులు కుందేళ్ళను, ఉడతలను, పొలంలో బొరియలు తవ్వే జంతువులను కొట్టడానికి దీన్నే వాడుతూ వచ్చారు.

ఎయిర్ గన్ దీనికి తమ్ముడి వంటిది. మందు ఉండదు. స్ప్రింగు ఒత్తిడితోనో, గాలి ఒత్తిడితోనో చిన్న సీసపు గుండు బయటికి వస్తుంది. మన దేశంలో పాయింట్ టూటూ రైఫిలుకు 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి. తక్కువ శక్తి గల ఎయిర్ గన్నుకు ఆ నిర్బంధం లేదు. అందువల్ల మనం దాన్ని ఆటవస్తువు కింద జమకడతాము. నేనూ అలాగే జమకట్టాను.

మన ప్రాంతంలో ఇలాంటి తుపాకుల అవసరం రైతుకు ఎన్నడూ పెద్దగా కలగలేదు. వరిచేలో ఎలుకలు, పందికొక్కులు పడితే బుట్టలు పెట్టేవారిని, బొరియల్లోకి పొగ ఊదేవారిని పిలిపించేవాళ్ళం. మన పందికొక్కు అన్న మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి బాండికూట్ అయింది. పైగా నిడుబ్రోలు నుంచి బాపట్ల దాకా చూస్తే అడ్డం లేని మాగాణి నేల. పాయింట్ టూటూ గుండు గురి తప్పితే మైలు దూరం పైగా పోగలదు. ఎలుకకు గురిపెట్టిన గుండు పక్క పొలంలో కలుపు తీసేవారికి తగిలినా తగలవచ్చు.

చిన్న తుపాకి చేతిలో ఉన్నవాడికి అంతా తేలికగా కనిపిస్తుంది. ఖర్చు లేదు, చప్పుడు లేదు, అడిగేవారు లేరు. అలాంటి తుపాకి ఒకటి వందేళ్ళకు పైగా క్రితం బొంబాయిలో ఒక తల్లిదండ్రులు లేని పిల్లవాడి చేతికి వచ్చింది.

మేనమామ ఇంట్లో

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. పెద్ద కుటుంబంలో అందరికంటే చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి మొయిజుద్దీన్ పోయారు. మూడో ఏట తల్లి జీనతున్నీసా కూడా కన్నుమూశారు. పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం చేరదీశారు. వారికి సంతానం లేదు. ఖేత్‌వాడీలోని ఆ మధ్యతరగతి ఇంట్లోనే సలీం పెరిగారు. స్వాతంత్ర్య సమరంలో గాంధీజీ సహచరుడైన అబ్బాస్ త్యాబ్జీ కూడా వారికి బంధువే.

అమీరుద్దీన్‌గారికి వేట అంటే సరదా. ఇంట్లో తుపాకులుండేవి, వేట పుస్తకాలుండేవి. ఆ రోజుల్లో మగపిల్లవాడికి గురి నేర్పడం పెంపకంలో భాగంగా చూసేవారు. బంధువుల పిల్లలు పోటీలు పెట్టుకునేవారు. ఆ తోటి పిల్లల్లో ఇస్కందర్ మీర్జా ఒకడు. మంచి గురి ఉన్నవాడు. తర్వాతి కాలంలో ఆయన పాకిస్తానుకు మొదటి అధ్యక్షుడయ్యారు.

పదేళ్ళ సలీం చేతిలో ఆటబొమ్మలాంటి ఎయిర్ గన్ ఉండేది. ఇంటి పిచ్చుకలే దానికి వేట. 1906–07 నాటి ఒక సంగతిని ఆయన తన చిన్ననాటి నోటుపుస్తకంలో రాసుకున్నారు. గోడ కన్నంలో ఒక ఆడపిచ్చుక గుడ్లు పొదుగుతోంది. బయట మేకు మీద మగపిచ్చుక కాపలా కూర్చుంది. కుర్రవాడు బండి చాటున పొంచి మగపిచ్చుకను కొట్టాడు. కాసేపటికి మరో మగపిచ్చుక వచ్చి ఆ మేకు మీదే కూర్చుంది. దాన్నీ కొట్టాడు. ఇంకొకటి వచ్చింది. అలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలను ఆ ఒక్క మేకు మీదనే కొట్టాడు.

ఈ సంగతి చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఎనిమిది ప్రాణాలు తీయడం గొప్ప సంగతి కాదు. అయితే ఆ పిల్లవాడు లెక్క పెట్టాడు, తేదీ వేశాడు, ఆడపిచ్చుకకు ఎప్పటికప్పుడు కొత్త జోడు దొరుకుతోందని గమనించి రాసి పెట్టాడు. వేటగాడూ శాస్త్రజ్ఞుడూ అప్పటికి ఒకే పిల్లవాడిలో ఉన్నారు. ఎవరు గెలుస్తారో ఇంకా తేలలేదు.

పసుపు మచ్చ

1908 ప్రాంతంలో ఒకరోజు సలీం కొట్టిన పిచ్చుకల్లో ఒకటి తేడాగా కనిపించింది. గొంతు మీద పసుపు మచ్చ ఉంది. పిచ్చుక మాంసం తినడం ఆ ఇంట్లో అలవాటే. కాని ఇది మామూలు పిచ్చుకేనా, తినతగినదేనా అని ఆ పిల్లవాడికి సందేహం వచ్చింది. మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి దగ్గరకు ఉత్తరం ఇచ్చి పంపించారు. ఈ కథలో అందరికంటే నాకు నచ్చిన మనిషి ఆ మేనమామే. అలా విసుక్కుని పారేయమని ఉంటే ఆ ప్రశ్న ఆ రోజుతోనే పోయి ఉండేది.

ఉత్తరం ఎవరికంటే, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ దొరగారికి. 1883లో ఏర్పడిన ఆ సొసైటీ అప్పట్లో ఫిప్సన్ అనే సారాయి వర్తకుల భవనంలో ఉండేది. మిల్లార్డ్‌గారు ఆ కంపెనీ వ్యవహారాలు చూస్తూనే సొసైటీ పని కూడా చేసేవారు. తెల్లదొరను ఎన్నడూ దగ్గరగా చూడని పిల్లవాడు కాగితంలో చుట్టిన పిచ్చుకతో భయపడుతూ లోపలికి వెళ్ళాడు. దొర చూడగానే గుర్తుపట్టారు. అది పసుపు గొంతు పిచ్చుక. తర్వాత సొరుగులు ఒక్కొక్కటే లాగి, గడ్డి కూరి భద్రపరచిన వందల పిట్టలను చూపించారు. చదువుకోమని పుస్తకాలిచ్చారు. పక్షి చర్మాన్ని ఒలిచి నిలవ చేసే పని నేర్పిస్తామన్నారు.

ఆ తర్వాత కూడా సలీం తుపాకి పట్టాడు. కాని కొట్టిన ప్రతి పిట్టకూ ఒక చీటీ కట్టవలసి వచ్చింది. చీటీ మీద చోటు, తేదీ, ఆడదో మగదో, రెక్క కొలత రాయాలి. మన ఆఫీసుల్లో లెడ్జరు ఎంట్రీ లేకుండా ఒక్క పైసా కదలనట్టే, కారణం రాయకుండా పిట్ట ప్రాణం తీయరాదని ఆ చీటీ నేర్పింది.

డిగ్రీ లేని ఉద్యోగార్థి

చదువులో సలీం గట్టివాడు కాదు. పదమూడో ఏట తలనొప్పి వ్యాధి పట్టుకుని బడి మానిపించింది. మార్పు కోసం సింధు ప్రాంతానికి పంపారు. చివరికి 1913లో అతి కష్టం మీద మెట్రిక్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరి, మొదటి ఏడాదే మానేసి, బర్మాలోని టవాయ్‌కు వెళ్ళారు. అక్కడ కుటుంబానికి టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉన్నాయి. వ్యాపారం సంగతి ఎలా ఉన్నా, బర్మా అడవులు ఆయనకు నిజమైన బడి అయ్యాయి. 1917లో తిరిగివచ్చి కామర్సు, అకౌంటెన్సీ చదివారు. దానితోపాటే జేవియర్స్ కాలేజీలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం కూడా చదివారు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో వివాహమైంది. తర్వాత కొన్నాళ్ళకు బర్మా వ్యాపారం పూర్తిగా దెబ్బతింది.

ఉద్యోగం కోసం తిరిగిన రోజులు మనలో చాలామందికి తెలుసు. ఆయనా తిరిగారు. భారత జంతు సర్వేలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం డిగ్రీ లేదన్న కారణంగా దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, సందర్శకులకు జంతువుల గురించి వివరించి చెప్పే గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. నెలకు 350 రూపాయలు. ఆ రోజుల్లో అది మంచి జీతం. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ప్రొఫెసర్ ఎర్విన్ స్ట్రెసెమన్ దగ్గర శాస్త్రీయంగా శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ పోస్టే రద్దయింది. అప్పుడు ఆయన వయసు ముప్ఫై నాలుగు.

గిజిగాడి గుట్టు

ఉద్యోగం పోయిన మనిషి భార్యతో కలిసి బొంబాయి నుంచి సముద్రానికి ఆవల ఉన్న కిహిమ్ అనే పల్లెకు వెళ్ళి ఉన్నారు. అక్కడ ఇంటి దగ్గరే ఒక చెట్టు నిండా గిజిగాడి గూళ్ళు. ఖర్చులేని పని కదా అని వానాకాలం పొడుగునా వాటినే చూస్తూ కూర్చున్నారు. ఈసారి చేతిలో ఉన్నవి నోటుపుస్తకం, పెన్సిలు.

మన తాటిచెట్లకు, తుమ్మచెట్లకు వేలాడే ఆ గూళ్ళను చూసి మనం ఆలుమగల కాపురం అనుకుంటాము. సలీం అలీ చూసింది వేరు. మగపిట్ట ఒక్కటే గడ్డి పోచలు చీల్చి తెచ్చి గూడు సగం దాకా అల్లుతుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి చూసి పరీక్షిస్తాయి. పనితనం నచ్చకపోతే వెళ్ళిపోతాయి. ఒకదానికి నచ్చితే ఆ గూటిని సొంతం చేసుకుంటుంది. మగపిట్ట మిగిలిన గొట్టం పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే మగది పక్కనే మరో గూడు మొదలుపెడుతుంది, మరో ఆడపిట్ట కోసం. ఇలా ఒక ఋతువులో ఒకదాని తర్వాత ఒకటిగా సంసారాలు పెడుతుంది. ఈ సంగతిని ఇంత వివరంగా అంతకుముందు ఎవరూ రాయలేదు. ఆ వ్యాసంతో సలీం అలీ పేరు శాస్త్రలోకంలో నిలబడింది.

చిన్నప్పుడు మేకు మీది మగపిచ్చుకను కొడితే మరొకటి ఎలా వచ్చిందో రాసుకున్న పిల్లవాడే, పాతికేళ్ళ తర్వాత ఒక్కదాన్నీ కొట్టకుండా అంతకంటే పెద్ద రహస్యం తెలుసుకున్నాడు. మా మనవడికి ఈ ఘట్టం చెబుతున్నప్పుడు వాడు తల వంచుకున్నాడు. సగం అల్లిన ఒక గూడు మా గట్టు మీద తాటిచెట్టుకు అలాగే ఉండిపోయిందని వాడికి అప్పుడు అర్థమైంది.

తెలుగు అడవుల్లో

పోస్టు పోయిన సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. దేశంలోని సంస్థానాల పక్షుల వివరాలు సరిగా ఎక్కడా లేవు. ప్రయాణం, బస ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా సర్వే చేసిపెడతానని ముందుకు వచ్చారు. అలా మొదట దొరికిన పెద్ద పని నిజాం రాజ్యం. 1931, 1932 సంవత్సరాల్లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగారు. అమరాబాదు గుట్టల్లో, నల్లమల అడవుల్లో గుడారాలు వేసుకున్నారు. తెహ్మీనా బేగం వెంటే ఉన్నారు. ఎడ్లబళ్ళ మీద సామాను, దోమలు, జ్వరాలు, అడవిలో నీటి ఎద్దడి. ఆ సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో వరసగా వెలువడ్డాయి. తెలంగాణ పక్షుల గురించి ఈనాటికీ ఎవరు పరిశోధన చేసినా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, భోపాల్, ఇండోరు వంటి సంస్థానాల్లోనూ అలాగే పనిచేశారు.

ఈ సర్వేల్లో ఆయన తుపాకి వాడారు. ఆ కాలంలో ఒక పక్షిని నిర్ధారించాలంటే అది చేతిలోకి రావాలి. చిన్న పిట్టల చర్మం చెడిపోకుండా ఆవగింజలకన్నా సన్నని రవ్వలతో కొట్టేవారు. శాస్త్రానికి అవసరమైనంత వరకు పక్షులను సేకరించడం తప్పు కాదని ఆయన చివరివరకు నమ్మారు. తాను అహింసావాదినని చెప్పుకోలేదు. చిన్ననాటి వేట సరదాను దాచుకోలేదు. ఈ నిజాయితీ వల్లనే ఆయన మాటకు వేటగాళ్ళు కూడా విలువ ఇచ్చారు.

1939లో ఒక చిన్న ఆపరేషను తర్వాత తెహ్మీనా బేగం మరణించారు. ఇరవై ఏళ్ళు అడవుల్లో తోడుగా నడిచిన మనిషి పోయారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్కగారి ఇంటినే తన ఇల్లుగా చేసుకుని, పనిలో మునిగిపోయారు. 1941లో భారతదేశపు పక్షుల గురించి ఆయన పుస్తకం వచ్చింది. రంగుబొమ్మలతో, సామాన్యుడికి అర్థమయ్యేట్టు రాసిన ఆ పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి ఉపఖండపు పక్షుల మీద పది సంపుటాల మహాగ్రంథం పూర్తిచేసేసరికి 1974 వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మనం పదవీ విరమణ అనుకునే వయసు దాటి ఇరవై ఏళ్ళు. మోటారు సైకిళ్ళంటే ఆయనకు పిచ్చి. 1950లో స్వీడన్‌లోని ఉప్సలాలో పక్షిశాస్త్ర మహాసభకు తన మోటారు సైకిలును యూరప్‌కు తీసుకువెళ్ళి దాని మీదే హాజరయ్యారు.

నాలుగు వేల పక్షులు

భరత్‌పూర్ సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. రాజస్థానంలోని ఆ సంస్థానంలో మహారాజావారి బాతుల వేట ప్రసిద్ధం. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్లిత్‌గో ప్రభువు పరివారం ఒక్కరోజులో 4,273 పక్షులను కూల్చింది. ఆ లెక్క అక్కడి రాతిపలక మీద ఈనాటికీ కనిపిస్తుంది. విచిత్రమేమంటే అదే రోజు సలీం అలీకి నలభై రెండేళ్ళు నిండాయి.

స్వాతంత్ర్యం తర్వాత ఆ చిత్తడి నేలను ఎండగట్టి సాగులోకి తేవాలన్న ఆలోచన వచ్చినప్పుడు, దాన్ని కాపాడవలసిందిగా నెహ్రూగారిని ఒప్పించినవారిలో సలీం అలీ ముఖ్యులు. అక్కడ పక్షులను వలల్లో పట్టి, కాళ్ళకు నంబరు వేసిన ఉంగరాలు తొడిగి వదిలిపెట్టే పని సొసైటీ తరఫున సాగింది. ఆ ఉంగరాల వల్లనే సైబీరియా, మధ్య ఆసియాల నుంచి పక్షులు మన దేశానికి వచ్చిపోతున్న దారులు తెలిశాయి. ఒకప్పుడు తుపాకితో తెలుసుకున్నదాన్ని ఇప్పుడు ఉంగరంతో తెలుసుకోవచ్చు. భరత్‌పూర్ 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. కేరళలో జలవిద్యుత్ పథకం వల్ల మునిగిపోనున్న సైలెంట్ వ్యాలీ అడవి కోసం కూడా ఆయన గట్టిగా నిలబడ్డారు.

రైతుకు పక్షి శత్రువా మిత్రుడా అన్న ప్రశ్నను ఆయన ఎన్నోసార్లు ఎత్తిచూపారు. గింజ తినే పిట్టే పిల్లలను పెంచే రోజుల్లో పురుగులను పట్టి పెడుతుంది. గుడ్లగూబ రాత్రంతా తినేది ఎలుకలనే. గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడు అని మనం తరుముతాము. మాగాణి రైతుకు అంతకంటే నమ్మకమైన రాత్రి కావలివాడు లేడు.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. అంతర్జాతీయంగా గెట్టీ బహుమతి లభిస్తే ఆ సొమ్మును ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ఆత్మకథ వెలువడింది. దానికి ఆయన పెట్టుకున్న పేరులో ఉన్నది ఆ నేలకొరిగిన పిచ్చుకే.

కలివికోడి

ఆయన చివరి రోజుల్లో మన రాష్ట్రం నుంచే ఒక మంచి కబురు వెళ్ళింది. కలివికోడి అనే పక్షిని పందొమ్మిదో శతాబ్దంలో జెర్డన్ అనే సైనిక వైద్యుడు శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. సొసైటీ మాత్రం వెతకడం మానలేదు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతపు చిట్టడవుల్లో అది మళ్ళీ దొరికింది. రాత్రి పూట దీపం వెలుగులో స్థానికుడొకడు దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళుగా శాస్త్రవేత్తలకు చిక్కని పక్షిని ఆ ఊళ్ళవారు పేరుతో సహా ఎరుగుదురు. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

1987లో, తొంభై ఏళ్ళ వయసులో, సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరుతో పక్షిశాస్త్ర కేంద్రం ఏర్పడింది. 1996లో శతజయంతికి తపాలా శాఖ స్టాంపులు విడుదల చేసింది.

మన వంతు

1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక మన పక్షులను కొట్టడం నేరం. మొదట్లో ఆ చట్టంలో కాకి, ఎలుక, పందికొక్కు, గబ్బిలాల వంటివాటిని హానికర జంతువుల జాబితాలో విడిగా ఉంచారు. 2022 సవరణతో ఆ జాబితా కూడా పోయింది. ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేకపోవచ్చు. దానితో పిట్టను కొట్టడానికి మాత్రం ఎవరికీ అనుమతి లేదు. ఇది తెలియక నాలాగే మనవలకు కొనిపెట్టే తాతలు మనలో ఉండవచ్చు గనుక రాస్తున్నాను.

మనకు దగ్గరలోనే గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. అక్కడి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేలల్లో దిగుతాయి. ఊరివారు వాటిని తుపాకుల నుంచి, రాళ్ళ నుంచి తామే కాపాడుకుంటూ వచ్చారు. సెలవులు అయిపోయేలోగా ఒక ఆదివారం మనవణ్ణి అక్కడికి తీసుకువెళ్ళాను. గుంటూరులో కొన్న ఒక చిన్న దుర్భిణి వాడి మెడలో ఉంది. ఎయిర్ గన్ బీరువా పైన ఉంది. దాన్ని నేను లాక్కోలేదు, వాడే పెట్టాడు.

తిరిగి వచ్చాక వాడు ఒక నోటుపుస్తకం తీశాడు. మొదటి పేజీలో తేదీ వేసి, పొన్నూరు అని రాసి, గిజిగాడు, మగది, ఒకటి అని రాశాడు. ఎదురుగా కారణం అన్న గడి గీసి, కాసేపు ఆలోచించి, దాన్ని ఖాళీగా వదిలేశాడు. రెండో పేజీలో ఉప్పలపాడు పక్షులు పదకొండు రకాలు ఉన్నాయి. వాటిలో నాలుగింటి పేర్లు నాకూ తెలియవు. తెలిసిన సభ్యులెవరైనా ఉంటే మా ఇంటికి దయచేయవలసిందిగా కోరుతున్నాను. మనవణ్ణి ఉత్తరం ఇచ్చి పంపమన్నా పంపుతాను.